పాతబండి జీర్ణోద్ధరణము

జీర్ణమైన దేవాలయమును బాగుచేయించుట, పూడిపోయిన చెరువును త్రవ్వించుట, కూలిన సత్రమును నిలబెట్టుట పుణ్యకార్యములని మనవారు చిరకాలముగా నమ్ముచున్నారు. క్రొత్తది కట్టించుటకంటె పాతదానిని నిలుపుటయే మేలని పెద్దలు చెప్పగా మనమందరమును వినియే యున్నాము. కాని తుప్పుపట్టి పెరటిలో పడియున్న మోటారుబండిని బాగుచేయుట పుణ్యమో, వ్యసనమో, కేవలము డబ్బు చేటో ఏ ధర్మశాస్త్రమును చెప్పియుండలేదు. మూడేండ్లుగా ఈ ప్రశ్న మా పెరటిలో వేపచెట్టు క్రింద ఇటుకదిమ్మెల మీద నిలిచియున్నది. దానిచుట్టు తిరుగుచు నేను తెలిసికొన్న సంగతులు కొన్ని చదువరులకు విన్నవింపదలచితిని. వానిలో కొన్ని నాకు గౌరవకరములు కావు.

మాది చిలకలూరిపేట. 2022 ఏప్రిలు నుండి ఈ యూరు పల్నాడు జిల్లాలోనిదైనను, మా నోటికి ఇంకను గుంటూరు జిల్లాయే వచ్చును. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గము మీది యూరు. నల్లరేగడి నేల, పత్తి, మిరప, పొగాకు ఇచ్చటి పంటలు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన తరువాత ఈ ప్రాంతమున సేద్యము పెరిగినది. సేద్యముతోపాటు మోతయు పెరిగినది. గుంటూరు మిరప బజారునకు నలువది కిలోమీటర్లు. ఎడ్లబండి కట్టి రాత్రి బయలుదేరిన రైతు తెల్లవారిన తరువాత చేరి, ధర పడిపోయినదని విని తిరిగివచ్చెడివాడు. అందుచేత 1972లో మా నాయన ఒక సరుకుబండిని మారుబేరమున కొనెను.

అది మహీంద్రావారి ఎఫ్.సి. 150. అమెరికాలో విల్లీసు కంపెనీవారు 1956లో తెచ్చిన నమూనా. 1965 మొదలు మనదేశమున తయారైనది. జీపు వంటిదే గాని ముక్కు లేదు. తోలువాడు ఇంజను వెనుక గాక ఇంజను మీదనే కూర్చుండును. ఆ విధముగా మిగిలిన చోటంతయు వెనుక తొట్టికి వచ్చినది. ముందు బరువెక్కువ, వెనుక తక్కువ. ఖాళీగా నున్నప్పుడు కుదుపునకు వెనుకచక్రములు లేచెడివి. మేము దానిని మొండిముక్కు అని పిలిచెడివారము.

పుట్టినప్పుడు దానిది పెట్రోలు ఇంజను. 1973 తరువాత లోకమంతట చమురు ధర మండిపోగా, ఈ జిల్లాలో ననేకులు చేసినట్లే మా నాయనయు దానిని తీసివేయించి డీజిలు ఇంజను పెట్టించెను. తొట్టి యినుపరేకు తుప్పుతినగా వడ్రంగిచేత తుమ్మపలకలు పరపించెను. పత్తి తేలికసరుకు గనుక ఎక్కువ పట్టుటకై ప్రక్కలు మూరెడెత్తు పెంచించెను. 1987-88లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి తుడిచిపెట్టుకొని పోయి, పురుగుమందుల యప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణములు తీసికొన్న సంవత్సరమున, ఈ బండి ఆరుమాసములు అప్పులవాని వాకిట నిలిచినది. విడిపించుకొని వచ్చిన తరువాత కొన్నేండ్లు నడచి, 1996లో ఒకనాడు ఆగి, మరి కదలలేదు.

మా నాయన గతించిన తరువాత పెరడు చక్కజేయబోయి, తూకమునకు అమ్మివేయుదమనుకొంటిని. మా అమ్మాయి అడ్డుపడెను. ఆమె చదివినది యంత్రశాస్త్రము, ఉద్యోగము హైదరాబాదులో. సెలవులకు వచ్చినప్పుడు తానే బాగుచేయుదుననెను. తోడుగా ఊరిలోని ముసలి మేస్త్రిని పిలిచితిమి. ఆయన డెబ్బది దాటినవాడు. ఈ బండికి డీజిలు ఇంజను ఎక్కించిననాడు పానాలు అందించిన కుఱ్ఱవాడు ఆయనయే.

మొదటిదినముననే మాకొక పరాభవము జరిగినది. తుమ్మపలకలు ఊడదీయగానే వాని సందులలో నిలిచిపోయిన మిరపపొడి లేచి, మేస్త్రియు అమ్మాయియు నేనును, ఎదురింటి గుమ్మములో నిలిచి నవ్వుచున్నవారును, అందరమును దగ్గి దగ్గి కండ్లు తుడుచుకొంటిమి. ముప్పదియేండ్లయినను ఘాటు చావలేదు. పట్టీల మూలలలో పత్తి, గ్రీజుతో కలసి ముద్దగట్టి రాయివలె నుండెను. బిగిసిన బోల్టులకు ముందునాటి రాత్రి నూనె పోసి, మరునాడు పానా వేసి, రాకున్న మరల నూనె పోసి, ఇట్లు ఒక్కొక్కదానికి మూడుదినములు పట్టినవి. విరుగగొట్టుట నిమిషము పని. విరుగకుండ విప్పుటయే విద్య. కమానుకట్టలు విప్పి, తుప్పు గీకి, విరిగిన రెండాకులు మార్చితిమి. బ్రేకు గొట్టములన్నియు క్రొత్తవి వేయవలసి వచ్చెను. ఛాసిస్సులో వెనుక కమాను తగులుకొను చోట వెండ్రుకవాసి పగులు. పైకి రంగున్నందున కనబడదు. మేస్త్రి సుత్తితో తట్టి, చెవియొగ్గి విని, మ్రోత మారిన చోట వ్రేలు పెట్టి చూపెను. ఇది ఏ పుస్తకమున వ్రాసియున్నదని మా అమ్మాయి యడుగగా ఆయన నవ్వెను.

ఆమెయు ఆయనకు నేర్పినది లేకపోలేదు. పాతబండ్ల బ్రేకుపట్టీలలో ఆస్బెస్టాసు నార కలిపెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులలో జేరినచో ఇరువది ముప్పదియేండ్లకైనను ప్రాణాంతకమగు వ్యాధి పుట్టును. మన కార్ఖానాలలో దానిని గాలిగొట్టముతో ఊదివేయుట వాడుక. అమ్మాయి ఊదనీయలేదు. తడిగుడ్డతో తుడిపించి ఆ గుడ్డలను మూటగట్టించినది. కాల్చిన నూనెను వేపచెట్టు మొదట పోయబోగా డబ్బాలో పట్టించినది. మేస్త్రికి మొదట ఇది చాదస్తముగ తోచినది. తనతో పనిచేసినవారిలో దగ్గి దగ్గి పోయినవారిని ఆయనయే ఒకనాడు వ్రేళ్ల మీద లెక్కపెట్టుకొని, ఆ తరువాత తడిగుడ్డ తానే యడిగి తీసికొనెను. వారందరును ధూళివలననే పోయిరని నేననజాలను. ఎవరును పరీక్షించి చూడలేదు.

చుట్టములు మాత్రము ఊరుకొనలేదు. పెండ్లికావలసిన పిల్ల చేతులకు మసి పూసికొనుటేమని వారి బాధ. వాదించి ప్రయోజనము లేని చోట నేనొక సంగతి చెప్పి తప్పించుకొనెడివాడను. తరువాత ఇంగ్లండు రాణియైన ఎలిజబెత్తు 1945లో, యుద్ధకాలమున, స్త్రీల సైనికదళమున జేరి లారీలు తోలుటయు, ఇంజను విప్పుటయు నేర్చుకొనెనని చెప్పగా వారు కొంత మెత్తబడెడివారు. రాణి చేసిన పని మసి కాదు కాబోలు. మన యాడువారు తరతరములుగా మిరపకోతలో చేతులు మండించుకొనుట ఎవరికిని అమంగళముగ తోచలేదు. కూలికై చేసినచో సహజము, కోరి చేసినచో తప్పు. ఈ సంగతి ఇంతటితో విడిచెదను.

పని సగమయిన తరువాత హైదరాబాదునుండి ఒక పెద్దమనుష్యుడు, పాతబండ్లను సేకరించువాడు, వచ్చి చూచెను. మర్యాదస్థుడు, తెలిసినవాడు. ఈ నమూనా బండ్లు అరుదని చెప్పి మంచి ధర యిచ్చుటకు సిద్ధపడెను గాని, ఒక నియమము పెట్టెను. డీజిలు ఇంజను తీసి, ఎక్కడనైనను దొరకిన పాత పెట్రోలు ఇంజనును తెచ్చి పెట్టవలయును. తుమ్మపలకలు తీసి ఇనుపరేకు వేయవలయును. పెంచిన ప్రక్కలను కోసివేయవలయును. కంపెనీనుండి వెడలిననాడు ఎట్లుండెనో అట్లుండవలయును. "అప్పుడే ఇది అసలైన బండి అవుతుందండీ" అని ఆయన మాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏది అసలు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. గ్రీకుదేశమున థీస్యూసు అను వీరుని యోడను ఏథెన్సువారు భద్రపరచి, పుచ్చిన చెక్కనెల్ల తీసి క్రొత్తచెక్క వేయుచు రాగా, అది ఆ యోడయే యని కొందరు, కాదని కొందరు తత్త్వవేత్తలు తగవులాడిరని ప్లూటార్కు వ్రాసియున్నాడు. పదునేడవ శతాబ్దమున హాబ్సు అను ఆంగ్లేయుడు ఈ చిక్కును మరింత బిగించెను. తీసివేసిన పాతచెక్కలనెల్ల ఒకడు దాచి, అదే వరుసలో కూర్చి రెండవ యోడ చేసినచో, ఏది థీస్యూసుదని యతడడిగెను. మా బండినుండి తీసిన పెట్రోలు ఇంజను ఏ జీపులో ఎక్కినదో, ఏ యినుపకొలిమిలో కరగినదో ఎవరికెరుక? ఇప్పుడు తేబోవునది మరియొక బండి గుండె. దానిని మా బండిలో పెట్టి అసలనుట ఏమి న్యాయము?

మనకును ఇటువంటి వాదము కలదు. అది రథమును గూర్చినది గనుక మాకు మరింత దగ్గర. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున వాయవ్యభారతము నేలిన యవనరాజు మెనాండరునకును, నాగసేనుడను భిక్షువునకును జరిగినట్లు చెప్పబడు సంవాదము మిలిందపన్హమను పాళీగ్రంథమున నున్నది. నడచి వచ్చితివా, రథమెక్కి వచ్చితివా యని భిక్షువడుగును. రథమెక్కి యని రాజు చెప్పును. ఇరుసు రథమా? చక్రములు రథమా? నొగ రథమా? కాడి రథమా? ఒక్కొక్కదానికి కాదని రాజు చెప్పుచు పోవును. ఇవన్నియు కాక వేరొకటి రథమా యన్నను కాదనును. తుదకు, వీనినన్నిటిని ఆశ్రయించి రథమను పేరు వాడుకలో నున్నదని రాజే యొప్పుకొనును. మనుష్యుడను పేరును అట్టిదేయని భిక్షువు ముగించును. నాగసేనుని మాట ననుసరించినచో మా బండికి అసలు రూపమనునది లేదు; వాడుక యున్నది. 1968 నాటి ఇంజను ఆ వాడుకలో ఎంత భాగమో 1974 నాటిదియు అంతే భాగము. కొంచె మెక్కువయే, ఏలయన మా యప్పులు తీర్చినది రెండవది.

సర్కారువారి సమాధానము వేరు. వారికి బండి యనగా ఛాసిస్సు మీద చెక్కిన సంఖ్య. తక్కినవి మారినను అనుమతి పొంది నమోదు చేయించిన చాలును. ఇది కార్యాలయమునకు చక్కని తత్త్వము. కాని 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ప్రాచీన వాహనములకు వేరుగ నిబంధనలు చేసిరి. ఏబదియేండ్లు దాటి, మూలరూపమున నిలిచి, ఛాసిస్సు గాని మైకట్టు గాని మార్పు చెందని బండ్లకు ప్రత్యేకమైన సంఖ్య యిత్తురు. వానిని వ్యాపారమునకు గాని, నిత్యవాడుకకు గాని త్రిప్పరాదు. ఆ గౌరవము రెండు చక్రముల బండ్లకును, జనులు కూర్చుండిపోవు నాలుగు చక్రముల బండ్లకును మాత్రమే. సరుకు మోయు బండి ఆ లెక్కలోనికి రాదు. జమీందారు నెక్కించుకొని తిరిగిన కారు చరిత్ర యగును. ఆ జమీందారు ధాన్యమును మోసిన లారీ తుక్కగును. మన చరిత్రపుస్తకములు మనుష్యుల విషయమున చేసినదే ఇది. యంత్రముల విషయమున మాత్రము వేరుగ నుండునా?

కట్టడముల విషయమున లోకము కొంత ముందే మేలుకొన్నది. 1964లో వెనిస్ నగరమున శిల్పులును పురావస్తుజ్ఞులును కూడి వ్రాసికొన్న నియమపత్రమున, ఒక కట్టడమునకు వేర్వేరు కాలములవారు చేసిన సార్థకమైన చేర్పులనెల్ల గౌరవింపవలయుననియు, ఒకే కాలపు శైలిని తిరిగి తెచ్చుట జీర్ణోద్ధరణమునకు గమ్యము కాదనియు నున్నది. మా పొరుగుననే నాగార్జునకొండ యున్నది. సాగరుజలాశయమున మునుగనున్న ఆ లోయను 1954 మొదలు 1960 వరకు త్రవ్వి, కొన్ని నిర్మాణములను విప్పి, కొండమీదను అనుపు వద్దను తిరిగి కూర్చిరి. అవి యిప్పుడున్న చోటు ఇక్ష్వాకులు కట్టిన చోటు కాదు. అయినను అవి అబద్ధములని ఎవరందురు? తరలించితిమని బోర్డు మీద వ్రాసియున్నంతవరకు అవి నిజములే. అబద్ధము మార్పులో లేదు, మార్పును దాచుటలో నున్నది. సేకరణకర్తకు వలదని జాబు వ్రాసితిని. తుప్పు మీద లప్పము మెత్తి, రంగు కొట్టి, ముట్టుకొననిదని చెప్పి అమ్మువారికంటె ఆయన ఎంతయో నయము. ఆయన కోరినదియు ఒక విధమైన లప్పమేయని నాకు తోచినది, అంతియే.

ఇంతవరకు నేను నన్ను కొంత మెచ్చుకొనుచునే యున్నానని చదువరులు గ్రహించియుందురు. ఇక రెండు సంగతులున్నవి.

మేస్త్రి రెండవ వేసవి తరువాత తన మనుమని తోడు తెచ్చుకొనెను. పదునొకండేండ్లవాడు. సన్నని చేతులు, మేము పెట్టలేని చోట వాని చేయి దూరును. జూలై నెలలో బడి తెరచిన తరువాతను వాడు వచ్చుచుండుట చూచి అమ్మాయి నన్ను నిలదీసెను. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ పనిలోనైనను పెట్టుకొనుట 2016 చట్టసవరణతో నిషేధింపబడినది. మోటారు కార్ఖానాలు అంతకుముందునుండియు అపాయకరములలోనివే. బడివేళల తరువాత యింటివారికి సాయపడవచ్చునను మినహాయింపు ఇట్టి పనులకు లేదు. నేను మేస్త్రితో ఈ మాట చెప్పితిని. ఆయన పానా క్రింద పెట్టి, నెమ్మదిగా ననెను: "బాబుగారూ, నేను తొమ్మిదో ఏట పానా పట్టుకున్నాను. పగులు చెవికి వినపడడం అప్పుడు నేర్చుకుంటేనే వస్తుంది. మీ అమ్మాయిగారు సరదాకి నేర్చుకుంటే గొప్ప. నా మనుమడు పొట్టకోసం నేర్చుకుంటే నేరమా?"

ఈ మాటకు నావద్ద సమాధానము లేదు. ఇప్పటికిని పూర్తిగా లేదు. చేతిపని పుస్తకమున నేర్వబడదనుట నిజము. మన బడులు చేతిని పూర్తిగా మరచినవనుటయు నిజము. ఆ తరము పోయినచో సుత్తిమ్రోత వినగల చెవి పోవును. అయినను పదునొకండేండ్ల పిల్లవాడు జాకీ మీద నిలిచిన బండి క్రింద పరుండి యుండగా, జాకీ జారినచో విద్యయు లేదు, చెవియు లేదు. మరియు వానికి వేరుదారి తెరచియుండి వాడే ఈ దారి నెన్నుకొన్నప్పుడు అది విద్య. వేరుదారి మూసి త్రోసినప్పుడు బానిసత్వము. ఇట్లని చెప్పితిని. మేస్త్రి విని, పానాలు మూటగట్టుకొని వెడలిపోయెను. రెండు నెలలు రాలేదు. ఇంజను వేపచెట్టు కొమ్మకు గొలుసున వ్రేలాడుచు నుండెను. తుదకు అమ్మాయి ఆయన యింటికి పోయి, "తాతా, నాకు చెప్పు, నేర్చుకుంటాను" అని బతిమాలి తీసికొనివచ్చెను. పిల్లవాడు బడికి పోవుచున్నాడు. ఆ సంగతి నేను నలుగురితో చెప్పుకొని సంతోషించితిని. ఎంత సంతోషించితినో ఇప్పుడు తలచుకొనిన సిగ్గగుచున్నది.

రెండవ సంగతి వెనుక పలకను గూర్చినది. తొట్టికి వెనుక దింపుటకును ఎత్తుటకును ఉండు ఇనుపపలకకు ఎడమవైపున తపేలా అడుగంత సొట్ట యున్నది. ఆ సొట్ట నాది. 1981 వేసవిలో, నాకు పదునాలుగేండ్లప్పుడు, కళ్లములో డ్రైవరు అన్నమునకు పోయిన సమయమున ఎవరును చూడలేదని బండి యెక్కి వెనుకకు తోలి రాతికంబమునకు కొట్టితిని. దిగి పారిపోయితిని. సాయంకాలము మా నాయన చూచి డ్రైవరు నడిగెను. అతడు మా నాయనకంటె వయస్సున పెద్ద. అయినను మా యింట అతనిని ఒరే యని పిలుచుటయే వాడుక. అతడు తల వంచుకొని నిలుచుండెను గాని మాటాడలేదు. నేను పందిరిగుంజ వెనుకనుండి చూచుచునే యుంటిని. రెండు నెలల జీతము కోసివేసిరి. నెలకు నూటయేబది, మొత్తము మూడువందల రూపాయలు. అతడు ఆ తరువాతను ఆరేండ్లు మావద్దనే పనిచేసెను. ఇప్పుడు లేడు.

వెనుక పలకను మేస్త్రి విప్పి గోడకానించి, దీనిని కొట్టి సరిచేయమందురా యని యడిగినప్పుడు నాకు ఇదంతయు జ్ఞప్తికి వచ్చినది. అబద్ధము మార్పును దాచుటలో నున్నదని సేకరణకర్తకు పాఠము చెప్పినవాడను. ఆ రాత్రి కాగితము తీసికొని లెక్క వేసితిని. మా యిల్లు ఆ కాలమున నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పులిచ్చెడిది. ఇది గుంటూరు జిల్లాలో ఎవరికిని వింత కాదు. అదే లెక్కను 1981 నుండి 2025 వరకు, నలువదినాలుగేండ్లకు, మూడువందలకు బారువడ్డీ కట్టగా అసలుతో కలసి 3,468 రూపాయలు. ఏటికొకసారి తిరుగవేసి చక్రవడ్డీ కట్టగా 38 లక్షలు దాటినది. ఒకే యప్పు, ఒక లెక్కలో ఒక చీర వెల, మరియొక లెక్కలో ఒక యిల్లు. ఇతరుల వద్ద వసూలు చేయునప్పుడు మనము ఏ లెక్క వేసితిమో అదే లెక్క మనకును వర్తింపవలయునన్నచో, నేనాతని కుటుంబమునకు ఇల్లు బాకీపడియుంటిని. అంతటి ధర్మనిష్ఠ నాకు లేదు. నేడు మా యూరిలో అట్టి పనివానికిచ్చు రెండు నెలల జీతమును కవరులో పెట్టుకొని పోయితిని.

అతని కుమారుడు ఊరిలోనే ఆటో తోలుచున్నాడు. నాకంటె మూడు నాలుగేండ్లు చిన్నవాడు. ఆటోస్టాండువద్ద ప్రక్కకు పిలిచి, నిలుచుండియే చెప్పితిని. అతనికి ఆశ్చర్యము కలుగలేదు.

"తెలుసండీ. మా నాయన చెప్పాడు. చిన్నబాబు చేసిన పని, పెద్దాయనకు తెలిస్తే చావగొడతాడని ఊరుకున్నా నన్నాడు."

నేనేమియు మాటాడలేకపోతిని. అతడే మరల ననెను: "ఆ రెండు నెలలూ ఇల్లు గడవక నన్ను బడి మాన్పించి బేరన్ల దగ్గర పొగాకు కట్టలు మోయడానికి పెట్టారండీ. తర్వాత మళ్లీ పోబుద్ధి కాలేదు. నాలుగో తరగతి."

ఇందులో నిందగాని ఏడుపుగాని లేదు. బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్లు చెప్పెను. నేను కవరు చాచగా తీసికొని, విప్పి, నోట్లు రెండుసారులు లెక్కపెట్టి, చొక్కాజేబులో పెట్టుకొనెను. వలదనలేదు, వందనమనలేదు. అతడు వలదనియుండినచో నాకెంత సుఖముగ నుండెడిదో! లెక్కపెట్టి తీసికొనుటచే అతడు నాకు ఆ సుఖమును ఇయ్యలేదు. అది సబబేయని ఇంటికి వచ్చుదారిలో తోచినది. అతని నాలుగవ తరగతికి ఏ వడ్డీ కట్టవలయును? మేస్త్రి మనుమని బడికి పంపించితినని నలుగురిలో చెప్పుకొన్న దినములన్నియు ఒక్కసారి ఎదుట నిలిచినవి.

పోవునప్పుడు మరియొకటి కూడ అడిగితిని. సొట్ట తీయించుటయా, ఉంచుటయా? తీసివేసినచో మీ నాయన మౌనమునకు మిగిలిన గుర్తు పోవునేమో. ఉంచినచో నా పశ్చాత్తాపమును అందరికి చూపించుకొనుటకై ఉంచితిననిపించుకొందునేమో అని, అతనికి తెలియు మాటలలో చెప్పితిని. అతడప్పుడే వచ్చిన బేరమును చూచుచు, "నన్నెందుకడుగుతారండీ, బండి మీది" అని ఆటో ఎక్కెను.

బండి ఇప్పుడు కదలుచున్నది. గడచిన సంక్రాంతికి అమ్మాయి దానిని వేపచెట్టునుండి ప్రహరీగోడ వరకు తోలి, వెనుకకు తెచ్చెను. మేస్త్రి ప్రక్కన కూర్చుండి చెవియొగ్గి వినుచుండెను. రిజిస్ట్రేషను ఎన్నడో ముగిసినది. పొగ పరీక్షకు ఆ ముసలి డీజిలు నిలువగలదని నాకు నమ్మకము లేదు. ప్రహరీ దాటించు ఉద్దేశమును లేదు. నడచుటకు వలనుపడని బండి నాగసేనుని లెక్కలో బండి యగునో కాదో అమ్మాయియు నేనును ఇంకను తేల్చుకొనలేదు. తుమ్మపలకలనే కడిగి, ఎండబెట్టి, తిరిగి బిగించితిమి. ఎండ మిక్కుటమైనప్పుడు ఇప్పటికిని సన్నగా మిరపఘాటు వచ్చును.

రంగు మాత్రము మిగిలియున్నది. వానలు పడకముందే వేయవలయునని అమ్మాయి తొందరపెట్టుచున్నది. మొన్న ఆదివారము మేస్త్రి సుత్తియు, క్రింద ఆనించుటకు ఇనుపదిమ్మెయు తెచ్చి, వెనుక పలక ముందు కూర్చుండి, "ఏం చేయమంటారు బాబుగారూ?" అని నా వైపు చూచెను. ఇంకొక వారమాగుమంటిని. ఆయన దిమ్మెను అక్కడనే విడిచి వెడలిపోయెను.